కుడిచేతి కొలత

నంద్యాల,
20-1-1986.

ప్రసన్నా,

నాలుగేండ్ల తర్వాత నా చేతిరాత చూసి, కవరు చింపకుండానే పొయ్యిలో పెట్టేస్తావేమోనని భయపడుతూనే రాస్తున్నాను. ఈ మాట చదువుతున్నావంటే పెట్టలేదన్నమాట. అదే చాలు. మేమంతా బాగున్నాము. నిన్ను, గురుస్వామి బావను, పాపను అడిగినట్లు రాయమని మీ వదిన చెప్పింది.

నాకొక పని చేసిపెట్టు. జ్యోతి కుడిచెయ్యి, అంటే బాగున్న చెయ్యి, తెల్లకాగితం మీద ఆనించమను. వేళ్లు ఎంత సాగితే అంత చాపమను. చుట్టూ పెన్సిలుతో గీత గీసి నాకు పంపు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు గీత స్పష్టంగా ఉండాలి. రూళ్ల కాగితం వద్దు. ఫిబ్రవరి పదో తేదీ లోపల అందాలి.

ఎందుకని అడుగుతావు. ఇప్పుడు చెప్పలేను. చెడ్డకు మాత్రం కాదు. పని జరిగితే నేనే చెప్తాను, జరగకపోతే నీకు తెలియాల్సిన అవసరమే లేదు.

నీ అన్న
దేవదానం

*

ఆళ్లగడ్డ,
25-1-1986.

అన్నకు,

కవరు పొయ్యిలో పెట్టేదాన్నే. ఆయన లాక్కుని చదివినాడు. చదివి, "చెయ్యి బొమ్మ యాలంట? మల్లా ఏ సభకు పంపుతాడో కనుక్కో" అన్నాడు. నేనూ అదే అడుగుతున్నాను. ఏ సభకు?

నీకు గుర్తులేకపోతే నేను చెప్తాను. ఎనభై రెండు, వేసవి సెలవలు. జ్యోతికి తొమ్మిదేండ్లు. పుట్టేటప్పుడు గుంజిన గుంజుకు భుజంలో నరం తెగి ఆ ఎడమచెయ్యి ఏనాడూ లేవలేదనీ, ఏ డాక్టరూ చేసేదేమీ లేదన్నాడనీ నీకు బాగా తెలుసు. తెలిసి కూడా, ఊరికే పాటలు విని వస్తుందని చెప్పి నంద్యాలకు పిలుచుకుపోయి, స్వస్థత సభలో వేదిక ఎక్కించినావు. ఆ ప్రసంగీకుడు మైకులో "ఎత్తమ్మా, నమ్మితే లేస్తుంది, ఎత్తు" అని అరుస్తుంటే, కింద అంతమంది చూస్తుంటే, బిడ్డ ఏం చేయాలో తెలియక కుడిచెయ్యి ఎత్తింది. జనం హల్లెలూయా అన్నారు. ఇంటికొచ్చి నన్ను అడిగింది, "అమ్మా, నేను అబద్ధం చెప్పినట్లేనా?" అని. ఆ రోజు నుంచి నీ గడప తొక్కలేదు. ఇప్పుడు బాగున్న చేతి మీద పడినావు.

ఇక్కడ మా తిప్పలు మాకున్నాయి. బడిలో కుట్టుపనికి సున్న వేసినారు. సూదిలో దారం ఒక చేత్తో ఎట్ల ఎక్కిస్తుంది? నేను టీచరునయ్యుండి కూడా ఒక్క మార్కు వేయించలేకపోయినాను. మొన్న బజారులో టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయి, రెండేండ్లాగి పాపను చేర్చుకుంటారా అని అడిగితే, ఆ అయ్య తల కూడా ఎత్తకుండా, "రెండు చేతులు గావల్లమ్మా దీనికి" అన్నాడు. నేను పోయినాక ఈ బిడ్డ ఏం పని చేసి బతుకుతుంది అనేది ఒక్కటే నాకు తెల్లారి లేస్తే బాధ.

నువ్వడిగిన కాగితం ఎవరి చేతికి పోతుందో ఆ మనిషి పేరు రాయి. రాస్తే అప్పుడు చూస్తాను.

ప్రసన్నకుమారి

*

నంద్యాల,
29-1-1986.

ప్రసన్నా,

సభకు కాదు. ప్రార్థనకు కాదు. ఆ ప్రసంగీకుడు ఎక్కడున్నాడో కూడా నాకు తెలియదు. ఆనాటి సంగతి ఎత్తడానికి నాకు నోరు లేదు. దాన్ని గురించి నువ్వు రాసిందంతా నిజమే.

కొలత బడి పనికి. మా కమిటీ ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ కూర్చుంటుంది. అంతకు ముందు మాట బయటికి పొక్కితే పని చెడుతుంది. అందుకే పేరు రాయలేను.

అయినా ఒక కాగితం, ఒక పెన్సిలు. అయిదు నిమిషాల పనికి నువ్వు ఇంత మెలిక పెడుతుంటే నాకు వేరే అనుమానం వస్తోంది. ఆ కుడిచేతికి కూడా ఏమన్నా అయిందా? గంటన్నర బస్సు దూరంలో ఉండి నాలుగేండ్లుగా పాపను మాకు చూపించవు. పోయిన క్రిస్మసుకు మీ వదిన వస్తానంటే మేమే ఊర్లో ఉండము అన్నావు. ఏందమ్మా దాస్తాండావ్? ఉంటే చెప్పు. లేకపోతే గీత గీసి పంపు.

దేవదానం

*

ఆళ్లగడ్డ,
6-2-1986.

అన్నకు,

నీ నోట మంచి మాట రాదా? కుడిచెయ్యి నిక్షేపంలా ఉంది. ఆ చేత్తోనే బావిలో నీళ్లు చేదుతుంది, ఆ చేత్తోనే నాకు జడ కూడా వేస్తుంది, ఒక కొస పండ్లతో పట్టుకుని.

బడి పని అంటున్నావు. బడికి, ఎక్కడో ఆళ్లగడ్డలో ఉన్న ఆడపిల్ల చేతికి ఏం సంబంధం? నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా ఇదిగో, ఇందులో చెయ్యి పెట్టినాను. కాగితం మడత ఆ గీత మీద పడకుండా చూసినాను. ఏం చేసుకుంటావో చేసుకో.

ప్రసన్నకుమారి

*

నంద్యాల,
24-2-1986.

ప్రసన్నా,

ఇప్పుడు చెప్తాను, విను. మా బడికి కంప్యూటరు వస్తోంది.

పేపర్లో చదివే ఉంటావు. టీవీ లాంటి పెట్టె, దాని ముందర టైపు మిషనుకు ఉన్నట్లే మీటలు. మీటలు నొక్కి మనం అడిగితే అది లెక్క చేసి తెర మీద చూపిస్తుంది. పరదేశంలోని దాతలు మా బడికి ఒక్క మిషను ఇస్తామన్నారు. రెండు రకాలు తెప్పించి చూపించి, ఏది కావాలో మీరే తేల్చుకోండి అన్నారు. సైన్సు అయ్యవారినని తేల్చే కమిటీలో నన్ను కూడా వేసినారు.

ఒకటి చిన్నది. రబ్బరు మీటలు, అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండోది పెద్దది, గట్టిది, ఎక్కువ పనులు చేస్తుంది. కమిటీలో అందరి కన్నూ పెద్దదాని మీదే. అయితే దానితో ఒక చిక్కుంది. దానితో పని మొదలుపెట్టించాలంటే ఎడమ మూలనున్న మీట ఒకటి అదిమిపట్టి, వదలకుండా, అవతలనున్న ఇంకో మీట నొక్కాలి. రెండు చేతులున్న వాళ్లకు అదొక పనే కాదు. ఒంటిచేత్తో అయితే బొటనవేలు ఒకదాని మీద, చిటికెనవేలు ఇంకొకదాని మీద పడాలి. మధ్య దూరం స్కేలు పెట్టి నేనే కొలిచినాను. ఏడుంపావు అంగుళాలు.

అందుకు అడిగినాను చెయ్యి. పాప చెయ్యి అంత సాగకపోతే చిన్న మిషనే కావాలని పోట్లాడదామనుకున్నాను. నీ కాగితం మీద స్కేలు పెడితే ఏడున్నర! నాలుగేండ్లలో ఎంత ఎదిగింది నా మేనకోడలు! ఆ కాగితం కమిటీకి చూపించి, పెద్దదే తెప్పిద్దామని నేనే ముందర చెప్పినాను. సంతకాలు కూడా అయిపోయినాయి.

జూన్‌లో ఎనిమిదో తరగతికి కంప్యూటరు బ్యాచి పెడుతున్నారు. ఇరవై మంది. హెడ్మాస్టరు ఆదినారాయణ గారు ఒక షరతు పెట్టినారు. పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా మిషనును మొదలుపెట్టించి, తమ పేరు తెర మీద చూపించాలి. చూపిస్తే బ్యాచిలో సీటు, దానితో పాటు హాస్టలులో చోటు. జ్యోతి ఇది నేర్చుకుంటే, రెండు చేతులు కావాలన్న ఆ టైపు అయ్య దగ్గరికి మనం ఇంక పోవాల్సిన పని లేదు.

ముందే చెప్పలేదని కోపం వద్దు. ఇంకోసారి ఆశపెట్టి, అది జరగకపోతే ఆ బిడ్డ ముఖం నేను చూడలేను.

నీ అన్న
దేవదానం

*

ఆళ్లగడ్డ,
3-3-1986.

అన్నకు,

కంప్యూటరంట! నా చెవిలో పూలు కనపడుతున్నాయా నీకు? అని రాద్దామని కూర్చున్నాను. ఇంతలో నిజం వేరే దారిన వచ్చింది.

మీ బడి అటెండరు నరసింహులుకు అక్క మా వీధిలోనే ఉంది. నిన్న వచ్చినాడు. వాకిట్లో జ్యోతిని చూసి, "ఓహో, ఈ పాపేనా మా బడికి మిషను తెప్పించింది!" అన్నాడు. ఏందప్పా అంటే, "అర్జీలో రాసినారు గదమ్మా, చెయ్యి లేని పాప ఒకతి ఉంది, ఆ యమ్మి కోసరం మిషను గావాలని. దేవదానం సారే రాసిచ్చినాడు" అన్నాడు. జ్యోతి అక్కడే నిలబడి అంతా విన్నది. నాకు తల కొట్టేసినట్లయింది.

చెయ్యి లేని పాప! నా బిడ్డకు చెయ్యి లేదని నీకు ఎవరు చెప్పినారు? అప్పుడు వేదిక మీద నిలబెట్టినావు, ఇప్పుడు అర్జీలో నిలబెట్టినావు. అప్పుడూ నన్ను అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. మిషను అయితే మీకు దక్కింది. ఇంక జూన్‌లో నా బిడ్డ తప్పితే మీకు పోయేదేముంది? షరతు పెట్టడం, పరీక్ష పెట్టడం, పాపం రాలేదమ్మా అనడం. దాని ముందర నీ కొడుకు సుందరరాజు కూర్చుంటాడు కాబోలు.

ఆ చేతి కాగితం గురించి నేను నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇప్పుడు చెప్పను. ముందర నువ్వు చెప్పాల్సింది చెప్పు.

ప్రసన్నకుమారి

*

నంద్యాల,
10-3-1986.

ప్రసన్నా,

రాసినాను. నరసింహులు చెప్పింది నిజం. 'ఒక చెయ్యి పనిచేయని బాలిక' అని రాసినాను, లేదని రాయలేదు. కానీ ఆ తేడా చెప్పి తప్పించుకోను. జిల్లాలో చాలా బళ్లు అడిగినాయి, ఆ ఒక్క వాక్యం వల్లనే మాకు వచ్చింది. బిడ్డను చూపించి అడుక్కోలేదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నీ జాబు చదివినాక తెలిసింది, అడుక్కున్నానని. నిన్ను అడిగితే ఒప్పుకోవని తెలుసు, అందుకే అడగలేదు.

సుందరరాజుకు ఈ నెలతో పదో తరగతి అయిపోతుంది. వాడికి ఆ మిషను తాకే యోగం కూడా లేదు. నన్ను నమ్మకపోతే నరసింహులునే అడుగు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ రోజు సభలో నేను వేదిక మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాను. పాప ఎత్తింది కుడిచెయ్యి అని నాకు కనపడింది. కనపడి కూడా జనంతో పాటు నేనూ హల్లెలూయా అన్నాను. దిగి వచ్చి నా ముఖం చూసింది. నేను తల తిప్పుకున్నాను. తప్పయిపోయింది ప్రసన్నా. ఈ మాట చెప్పడానికి నాకు నాలుగేండ్లు పట్టింది.

నేను చెప్పాల్సింది చెప్పినాను. నువ్వు దాచిన మాటేందో రాయి.

నీ అన్న
దేవదానం

*

నంద్యాల,
14-4-1986.

ప్రసన్నా,

అయిదు వారాలైంది, జవాబు లేదు. కోపం తీరలేదనుకుంటాను. తీరకపోయినా సరే, ఈ కవరులోది మాత్రం పాపకు ఇవ్వు.

మిషను వచ్చింది. పెద్దదే. దాని గదికి కిటికీలన్నీ మూసి తెరలు కట్టినారు, దుమ్ము పడితే చెడిపోతుందని చెప్పులు బయటనే విడిపిస్తున్నారు. నేను దాని మీద ట్రేసింగు కాగితం పరిచి, మీటలన్నీ ఉన్నవి ఉన్నట్లే, అంతే సైజులో గీసినాను. మొదలుపెట్టించే రెండు మీటలకు ఎర్ర ఇంకు పూసినాను. అట్టకు అంటించి బల్ల మీద పెట్టి, పాపను రోజూ దాని మీద సాధన చేయమను. బొటనవేలు ఒక ఎర్రదాని మీద, చిటికెనవేలు ఇంకో ఎర్రదాని మీద. తర్వాత పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే. పేరు ఇంగ్లీషులోనే కొట్టాలి.

పరీక్ష జూన్ పద్నాలుగు, శనివారం.

దేవదానం

*

ఆళ్లగడ్డ,
25-4-1986.

అన్నా,

ఎట్ల రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపినాను. అయిదోది ఇది.

నీకు పంపిన చెయ్యి జ్యోతిది కాదు. నాది.

ఏ ప్రార్థనకో పంపుతావని నాకు గట్టి అనుమానం. నువ్వు సభ కాదు అన్నకొద్దీ ఆ అనుమానం పెరిగింది. సరే, నా చేతి మీదనే చేసుకోండి మీ ప్రార్థనలు, నా బిడ్డ జోలికి రావద్దండి అనుకుని, నా కుడిచెయ్యి ఆనించి నేనే గీసుకున్నాను. నువ్వు స్కేలు పెట్టి కొలుస్తావని, ఆ కొలతను పట్టుకుని మిషను తెప్పిస్తావని నేను కలగన్నానా? నువ్వు ఏడున్నర అని సంబరంగా రాసినప్పుడే చెప్పాల్సింది. అప్పటికి సంతకాలైపోయినాయన్నావు. తర్వాత నరసింహులు మాట విని ఒళ్లు మండి, నీకు ఇదే తగిన శాస్తి అని ఊరుకున్నాను. శాస్తి నీకు కాదు, నా బిడ్డకు పడింది.

జ్యోతి చెయ్యి కొలిచినాను. ఎంత చాపినా ఆరంగుళాలు దాటదు.

నీ అట్ట అందినప్పటి నుంచి తిండి ధ్యాస లేదు దానికి. ఎర్ర మీటల మీద వేళ్లు చాపి చాపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కమిలిపోయింది. నిన్న నన్ను అడిగింది, "అమ్మా, మామ నా చెయ్యి కొలిచే గదా మిషను తెప్పించింది. మరి అందదేం? నా చెయ్యి చిన్నగైపోయిందా?" అని. నేను లేచి వంటింట్లోకి పోయినాను.

ఏమన్నా చెయ్యి అన్నా. చిన్న మిషనుకు మార్పిస్తారేమో అడుగు. నేనే తప్పు చేసినానని హెడ్మాస్టరుకు రాసిస్తాను.

ప్రసన్న

*

నంద్యాల,
30-4-1986.

ప్రసన్నా,

నీ జాబు అందింది. ఆ కాగితాన్ని నేను కమిటీలో అందరి చేతులకూ ఇచ్చినాను. అందరూ చూసి, బాగా ఎదిగిన పాపే అన్నారు. చిన్న మిషను మన చేతిలో ఉండింది. నేనే వద్దన్నాను. నువ్వు నన్ను నమ్మక చేసినావు, సరే, నన్ను నమ్మకపోవడానికి నీకు కారణం ఉంది. ఫిబ్రవరిలోనే ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే? సంతకాలైనా ఇంకా వారం రోజుల వరకు మార్చుకునే వీలుండింది.

ఆదినారాయణ గారిని అడిగినాను. మార్చరు. పోనీ, మూల మీట మీద ఏదైనా బరువు పెట్టుకోనివ్వండి, ఒక రాయో, కాగితాల మీద పెట్టే గాజు దిమ్మో అన్నాను. "ఏందప్పా దేవదానం, ఆ మిషను మీద రాళ్లు రప్పలు పెట్టనిస్తానా నేను? ఒక్కసారి జారిపడితే ఎవురు జవాబుదారీ?" అన్నారు. ఇంకో పిల్ల వచ్చి మీట పట్టుకుంటుంది అంటే, "అట్లైతే అందరికీ సాయం గావల్ల" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు ఆ మిషనంటే భయం.

పాపను తీసుకురావద్దు. అంతమంది ముందర కూర్చుని, అందక, చూస్తుండే వాళ్ల ముఖాలు చూసుకుంటూ లేచిపోవడం ఇంకోసారి వద్దు. వచ్చే ఏడు ఏమైనా దారి దొరుకుతుందేమో చూద్దాం. హాస్టలులో అప్పటికి చోటు ఉంచమని వార్డెనుకు నేను చెప్పుకుంటాను.

దేవదానం

*

ఆళ్లగడ్డ,
22-5-1986.

అన్నా,

నీ జాబు జ్యోతి చదివేసింది. నేను బియ్యం డబ్బాలో దాచినాను, అయినా కనిపెట్టింది. నీకు పంపిన చెయ్యి నాదని కూడా దానికి తెలిసిపోయింది. ఏడ్వలేదు. అదే నాకు భయం.

అప్పటి నుంచి మధ్యాహ్నం తిన్నాక గది తలుపేసుకుని ఆ అట్ట ముందర కూర్చుంటోంది. నేను తలుపు తోస్తే చప్పున ఓణీ సర్దుకుని అట్ట పక్కన పెట్టేస్తుంది. "ఏం చేస్తాండావే లోపల?" అంటే "సదువుకుంటాండా" అంటుంది. పుస్తకం ఎక్కడా కనపడదు. మొన్న కిటికీ సందులోంచి చూద్దామని పోయినాను, దానికి దుప్పటి కట్టింది. నా కడుపున పుట్టిన బిడ్డను నేను దొంగచాటుగా చూడాల్సి వచ్చింది, చూడు నా బతుకు. ఏమైనా పిచ్చి పని చేస్తుందేమోనని బావి దగ్గరికి ఒంటరిగా పోనివ్వడం లేదు.

పోవద్దు, మామ వద్దన్నాడు అని చెప్పినాను. "నేను పోతా. నాయన పిలుచుకుపోతానన్న్యాడు" అంది. వాళ్ల నాయన దాని మాటకు ఎదురు చెప్పడు. నేను రాను. వచ్చి మీ అందరి ముందర నిలబడే ముఖం నాకు లేదు. నువ్వు మాత్రం ఆ గదిలో ఉండు అన్నా. అందక వెనక్కి చూస్తే, ఈసారి తల తిప్పుకోవద్దు.

ప్రసన్న

*

నంద్యాల,
16-6-1986.

ప్రసన్నా,

వాళ్లిద్దరూ ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. హాస్టలుకు సామాను కొనాలని బావ ఆగినాడు. అంటే ఏం జరిగిందో నీకు తెలిసిపోయింది కదా. అయినా వరుసగా చెప్తాను, విను.

ముప్పై ఒక్క మంది పిల్లలు వచ్చినారు. ఆదినారాయణ గారు మిషను పక్కనే కుర్చీ వేసుకుని, గడియారం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నేను నువ్వు చెప్పినట్లే గోడ వారగా నిలబడినాను. జ్యోతిది పద్నాలుగో పేరు. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నాకంటే ఒక జానెడు పొట్టి, అంతే. నేను ఊహించుకున్న దానికంటే చాలా సన్నగా ఉంది. నా వైపు చూడలేదు.

కూర్చుంది. చెయ్యి మీటల మీద పెట్టలేదు. ముందర భుజం దగ్గర ఓణీకి పెట్టిన పిన్ను తీసింది. తర్వాత నడుము దగ్గరది తీసింది. అప్పుడు నాకు తెలిసింది, ఎడమచెయ్యి కనపడకుండా నువ్వు ఓణీ కింద ఒంటికి ఆనించి పిన్నులు పెడతావని. ఇన్ని జాబులు రాసుకున్నాము, నువ్వు ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. పిన్నులు రెండూ బల్ల మీద పెట్టి, కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకుని, పైకెత్తి తెచ్చి, ముడుచుకున్న ఆ పిడికిలిని ఎడమ మూల మీట మీద ఆనించి వదిలింది. మీట దిగింది. కుడిచేత్తో తీరికగా రెండో మీట నొక్కింది. మిషను కీ అని కూసింది.

ఆదినారాయణ గారు ఉలిక్కిపడి లేచినారు. "ఏయ్ పాపా, ఏం బెట్టినావ్ దాని మీద? బరువు పెట్టగూడదని చెప్పల్యా?" అన్నారు.

జ్యోతి వెనక్కి తిరిగి, "బరువు గాదు సార్. నా చెయ్యి" అంది.

ఆయన నిలబడే చూసినారు, తర్వాత కూర్చున్నారు. జ్యోతి ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ పరంజ్యోతి అని పూర్తి పేరు కొట్టింది. తెర మీద పేరు పడింది. నేను ఏడ్చినాను, దాచను. అందరూ చూసినారు.

సీటు ఇచ్చినారు. హాస్టలు కూడా.

బయట వరండాలో, "ఈ ఉపాయం యాడ నేర్చినావ్?" అన్నాను. "మామా, మీరు కుడిచెయ్యే కొలుచుకుంటాండ్రి, అమ్మా నువ్వూ. ఇది ఉందని ఎవురికీ గ్యాపకమే రాల్యా" అంది. తిట్టినట్లు కాదు, ఉన్న మాట చెప్పినట్లు చెప్పింది. నలభై రోజులు తలుపేసుకుని చేసింది ఈ సాధనే. చెయ్యి జారకుండా ఎట్ల ఆనించాలో, మోచెయ్యి ఎక్కడ పెట్టాలో కనుక్కుందంట.

కాసేపాగి నా దగ్గరికి వచ్చి, "పిన్నులు తీసినానని అమ్మకు చెప్పొద్దు మామా. అందరి ముందర చెయ్యి బయట పెట్టినానంటే కొడుతుంది" అంది. అందుకే తలుపేసుకుందంట, నీకు కనపడకూడదని. చెప్పనని మాటిచ్చినాను. మాట తప్పి నీకు రాస్తున్నాను. కోపమొస్తే నా మీద పడు, పాప మీద కాదు.

నీ అన్న
దేవదానం

*

ఆళ్లగడ్డ,
20-6-1986.

జ్యోతికి,

అమ్మ రాసేది. మామ అంతా రాసినాడు. ఆయన మీద కోపం చేయవద్దు, చెప్పి మంచి పని చేసినాడు. నిన్ను కొట్టను, తిట్టను. హాస్టలులో ఓణీ నీకు ఎట్ల వేసుకోవాలనిపిస్తే అట్ల వేసుకో.

తలకు నూనె సరిగా పెట్టుకో. అన్నం మిగల్చవద్దు. ఆదివారం ఆదివారం మామ ఇంటికి పోయి రా, మీ అత్త ఎదురు చూస్తుంది.

ఒక మాట అడగాలని రెండు రోజులుగా కార్డు పట్టుకుని కూర్చున్నాను. ఆ మీట గట్టిగా ఉంటుందంట కదా. దాని మీద అట్ల ఆనిస్తే ఎడమచెయ్యి నొప్పి పుడుతుందా? ఆ చేతికి నొప్పి తెలుస్తుందా, తెలియదా? నీకు పదమూడేండ్లు వచ్చినాయి, నేను ఒక్కసారి కూడా నిన్ను అడగలేదు. జవాబు రాయి తల్లీ.

అమ్మ